మూడు కాళ్ళ కుందేలు

సెమిలిగుడలో బస్సు దిగుతుంటే
దాని కాలొకటి కండక్టరు చొక్కాకి తగులుకుంది.
"ఏటమ్మా ఇది, గొడుగా?"
ట్రైపాడ్ అన్నాను.
టికెట్టు కొట్టాలా వద్దా అని
దిగిపోయాక కూడా ఆలోచిస్తూనే ఉన్నాడు.

సాలూరులో మూతపడుతున్న స్టూడియోలో
తొమ్మిదొందలకి కొన్నాను దీన్ని.
జారిపోయే కాలికి సైకిల్ ట్యూబు చుట్టి ఇస్తూ
బెవర పోలయ్య చెప్పాడు:
"నడిమిన కొక్కెం ఉంది చూడండి,
గాలొస్తే ఇసక సంచి తగిలించండి.
బరువుంటేనే దీనికి కుదురు."
రేషన్ డిపోలో తూయించాను. నాలుగు కిలోలు.

తెల్లారుజామున మూడింటికి
దేవమాలి మొదట్లో దింపేసి పోయింది ఆటో.
వీపు మీద సంచి, సంచికి ఇది.
నిలువుగా కడితే
అడుగడుక్కీ నెత్తిన మొట్టికాయ.
పక్కకి కడితే ఒక భుజం కిందికి వాలి
అబద్ధం చెప్పి దొరికిన పిల్లలా నడుస్తాను.
అడ్డంగా కడితే
ప్రతి పొదా చెయ్యి పట్టుకుని ఆపుతుంది,
ఇప్పుడే ఎక్కడికి, కూర్చోమని.

"తేలికదొకటి కొనుక్కోవచ్చు కదొదినా"
అంటాడు మా మరిది దండాసి, చేతులూపుకుంటూ.
నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, అన్నాను.
వాడు వెనక్కొచ్చి లెక్కపెట్టాడు.
మూడే ఉన్నాయి.

మలుపులో చెక్‌పోస్టు.
టార్చి వెలుగు ముందు నా ముఖం మీద,
తరవాత మెల్లగా
నా తల వెనక నిక్కి చూస్తున్న దాని మీద.
ఈ కొండల్లో భుజాన నల్లగా, పొడుగ్గా ఉన్నదాన్ని
ముందొక పేరుతోనే అనుమానిస్తారు.
విప్పమన్నాడు.
మూడు కాళ్ళూ చాపి తారు మీద నిలబెట్టాను.
మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు
వంగి, దాని కాళ్ళ సందులోంచి
అవతలి చీకటిని చూశాడు.
నవ్వలేదు. పొమ్మన్నాడు.

వెలుగు ఇంకా రాలేదు గాని
సుక్రి ముదులి వచ్చేసింది,
నెత్తిన కట్టెల మోపు, సంతకి దిగుతూ.
నన్ను చూసి ఆగింది.
మోపు దించకుండానే, ఒక చేత్తో
నా తాళ్ళన్నీ విప్పేసింది.
సగం దేశియాలో, సగం చేతుల్తో అంది కదా:
దూరం పెట్టావు, అందుకే లాగుతోంది.
అంటించుకో. పిల్లని కట్టుకున్నట్టు.
నడుం దగ్గర దోపుకున్న అడ్డతీగ నార తీసి
రెండు చుట్లు చుట్టి
వెళ్ళిపోయింది.
దాని వెల అడిగే తీరిక కూడా ఇవ్వలేదు.

కొండ మీద మంచు.
అంటే, మంచు తప్ప ఏమీ లేదు.
సూర్యుడు ఎక్కడో వచ్చే ఉంటాడు.
దండాసి నాలుగు అరటిపళ్ళు తిన్నాడు.
నేను కెమెరా అద్దం తుడిచి
తుడిచిన చోటే మళ్ళీ తుడిచి
లోపల పెట్టేశాను.

దిగే దారిలో, వలిసె పూల మడి దాటాక
పది కొంపల ఊరు.
ఆరుగురు తల్లులు, ఆరుగురు పసివాళ్ళు,
చేతిలో స్ప్రింగు త్రాసుతో ఆశా దీదీ జమున.
ఎప్పుడూ వేలాడదీసే పనస కొమ్మ
మొన్నటి గాలికి విరిగిందట.
ఆమె చూపు నా మీద పడలేదు,
నా వీపు మీద పడింది.

అడగలేదు. నేనూ చెప్పలేదు.
నిలబెట్టాను, ఎంత ఎత్తు సాగితే అంత.
కొక్కేనికి త్రాసు,
త్రాసుకి పాత చీర ఉయ్యాల,
ఉయ్యాల్లో రెండు నెలల వాడు, ఏడుపంతా కలిపి.
వాళ్ళమ్మ వాడిని చూడటం లేదు,
ముల్లుని చూస్తోంది.
అంత గాలిలోనూ ఊగలేదు ట్రైపాడ్.
మూడూ తొమ్మిదొందలు, అంది జమున.
కార్డులో పసుపు గీత కింద ఒక చుక్క పెట్టింది.

రెండోవాడు ట్యూబు చుట్టిన కాలిని తడిపేశాడు.
అంతా నవ్వారు. మొదటివాడి తల్లి కూడా,
కాస్త ఆలస్యంగా.

"ఇదన్నా ఫొటో తియ్యవలిసింది" అన్నాడు దండాసి,
ఊరు కనపడనంత దూరం వచ్చాక.
నాకు గుర్తే లేదు.
కాసేపాగి, "ఇటియ్యొదినా" అని
సంచి తీసుకుని తనే కట్టుకున్నాడు, వంకరగా.
అడుగడుక్కీ నెత్తిన ఒకటి.
పిల్లని కట్టుకున్నట్టు కట్టుకోరా, అన్నాను.
"నాకేటి తెలుసు ఎలా కట్టుకుంటారో"
అంటూ, మళ్ళీ విప్పి,
దారి మధ్యలో కూర్చున్నాడు.